గంటకు కట్టిన బల్లగుడ్డ

గంట నాలుకకు గుడ్డ కట్టే పని తనే చేస్తానంది గంటమ్మ. ఇంకొకరి చెయ్యి దాని మీద పడితే చూసి ఊరుకోలేనంది. మోకాళ్ల నొప్పులతో నిచ్చెన ఎక్కడమెందుకు, ఎవరినైనా పిలుద్దామని సంఘపెద్ద అంటూనే ఉన్నాడు, ఆమె అప్పటికే రెండు మెట్లు ఎక్కేసింది. చేసేది లేక ఆయన కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు.

చర్చి పక్కనే ఉన్న ఆ గంట గది ఇద్దరు మనుషులకు ఇరుకు. పావురాల ఈకలు, పాత నూనె, ఇనుము కలిసిన వాసన వేస్తుంది. గంట అంచు మీద చెయ్యి వేస్తే మండుటెండలో కూడా చల్లగా తగులుతుంది. లోపల వేలాడే నాలుక మనిషి ముంజేయంత ఉంటుంది. ఒళ్లంతా నల్లగా ఉన్నా, గంటకు తగిలే చోట మాత్రం అరిగి అరిగి మెరుస్తూ ఉంటుంది. గంటమ్మ ఆ నున్నటి చోటును బొటనవేలితో ఒకసారి తడిమి, చంకలోని గుడ్డ తీసింది. అది ప్రభువు బల్ల మీద పరిచే పాత గుడ్డ. బల్లగుడ్డలు ఉతికి, ఇస్త్రీ చేసే పని కూడా ఆమెదే. చిరుగులు పడిందని పక్కన పెట్టినదాన్ని ఏరి తెచ్చింది. కొత్త గుడ్డ కడితే అది అక్కడే ఉండిపోతుందేమోనని ఆమె భయం.

"గట్టిగా కట్టక్కా," అన్నాడు సంఘపెద్ద కిందనుంచి. "గాలికి ఊగి ఒక్కసారి మోగిందంటే నా పెద్దరికం అంతటితో సరి."

"మీ పెద్దరికానికి ఢోకా లేదు. నిచ్చెన కదపకండి."

"కదులుతున్నది నిచ్చెన కాదు, నా చేతులు."

ఆమెకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు. గుడ్డను నాలుక చుట్టూ మూడు పొరలు తిప్పి, చంటిబిడ్డ బొడ్డు చుట్టూ కట్టినట్టు ఎక్కడా నలగకుండా ముడి వేసింది. తాను వేసిన ముడి తనకు తప్ప ఇంకొకరికి అంత తేలిగ్గా ఊడి రాదు. అది ఆమె తల్లి నేర్పిన ముడి.

కిందికి దిగాక ఆయన గంట గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ తాళంచెవి ఆమె నడుమున కాక ఇంకోచోట ఉండటం అదే మొదటిసారి. దాన్ని పాస్టరు అయ్యగారికి ఇచ్చేస్తానని, కమిటీ అలాగే చెప్పిందని ఆయన నేల చూస్తూ అన్నాడు.

కమిటీ కూర్చున్నది అంతకు ముందటి ఆదివారం. చర్చికి ఎదురుగా ఉన్న పెద్ద లాండ్రీ యజమాని లేచి మాట్లాడాడు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. ముందు వరుసలో కూర్చుని గొంతెత్తి పాడతాడు. పోయిన వానల్లో చర్చి పైకప్పు కారితే మర్నాడే మనుషుల్ని పంపించాడు. ఆరింటికి గంట మోగగానే ఆడవాళ్లు ఇస్త్రీ చేసే వేడి రోలరులో ఉన్న దుప్పట్లు ఉన్నట్టే వదిలేసి వెళ్లిపోతున్నారని, ఆసుపత్రి దుప్పట్లు కాలిపోతున్నాయని చెప్పాడు. ఆదివారం గంట ఉండనే ఉంటుంది, మామూలు రోజుల్లో ప్రార్థన చేసుకునేవాళ్లు ఇళ్లలో చేసుకోవచ్చు కదా అన్నాడు. అందరూ పైకప్పు వంక చూశారు. అయ్యగారు చిన్నవాడు. వచ్చి రెండేళ్లు కాలేదు. ఆయన అందరినీ వదిలేసి, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ గంటమ్మ వైపు చూశాడు.

"గంటమ్మగారూ, మీరేమైనా చెబుతారా?"

చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంది. అది ప్రార్థన గంట కాదు. కాని ఆమె కళ్లు అయ్యగారి పక్కన కూర్చున్న ఆయన కూతురి మీద పడ్డాయి. ఆ పిల్ల కుర్చీలో కాళ్లు ఊపుకుంటూ ఇటు చూసి నవ్వింది.

"సంఘం ఎలా అంటే అలాగేనయ్యా," అంది గంటమ్మ.

*

గంటమ్మ గది చర్చి వెనక ఉంది. గోడ అవతల గదిలో లాండ్రీలో ఇస్త్రీ పని చేసే పిల్ల, ఆమె మొగుడు ఉంటారు. అతనిది వెల్డింగు పని, చీకటి పడ్డాక గాని రాడు. వాళ్ల చంటిది పగలంతా గంటమ్మ దగ్గరే. దాన్ని అందరూ బుడ్డిది అంటారు.

రోజూ ఆరు కావస్తుండగా బుడ్డిదాన్ని ఎత్తుకుని గంట గదికి వెళ్లడం అలవాటు. గుమ్మంలో చాప వేసి కూర్చోబెట్టి తాడు పట్టుకుంటే, మొదటి దెబ్బకు అది ఉలిక్కిపడేది, రెండో దెబ్బకు నవ్వేది. గంట హోరు అణిగేలోపల దాని తల్లి గేటు దగ్గర కనిపించేది, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటూ.

గుడ్డ కట్టిన సాయంత్రం కూడా ఆ వేళకు గంటమ్మ చెయ్యి దానంతటదే నడుము మీద తాళంచెవి కోసం వెళ్లింది. కీ ఇచ్చే గడియారం బల్ల మీద తన పని తాను చేసుకుపోతున్నది. ఆమె దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. బుడ్డిది గుమ్మం వైపు చెయ్యి చాచింది. అలవాటైన ప్రాణం. రానురాను ఏడుపు మొదలుపెట్టింది. సీసా పాలు నోట్లో పెడితే నాలుకతో తోసేసింది. గంటమ్మ దాన్ని భుజాన వేసుకుని, వీధి దీపాలు వెలిగేదాకా, వెలిగిన తర్వాత కూడా, గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచింది.

ఇస్త్రీ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. జాకెట్టు ముందు భాగం పాలతో తడిసిపోయి ఉంది. బిడ్డను లాక్కున్నట్టు తీసుకుని, గోడకు తిరిగి కూర్చుని పాలు పట్టింది.

లాండ్రీ లోపల ఎలా ఉంటుందో గంటమ్మకు తెలుసు. కిటికీ అద్దాలకు సున్నం పూశారు, బయట పొద్దెంత ఉందో తెలియదు. ఫోన్లు దుప్పట్ల మడతల్లో పడిపోతాయని గేటు దగ్గరే బుట్టలో వేయించుకుంటారు. గడియారం ఆఫీసు గదిలో ఉంటుంది, దాని తలుపు మూసి ఉంటుంది. ఇద్దరిద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి దుప్పటి కొసలు పట్టుకుని, ఒకరి దగ్గరికి ఒకరు నడిచి మడత పెట్టి, మళ్లీ వెనక్కి నడుస్తారు. పొద్దుటి నుంచీ అదే నడక.

"చేతులు పడిపోతున్నాయి, ఇంకా ఆరు కాలేదేంటి అనుకున్నాం పిన్నీ," అంది ఇస్త్రీ పిల్ల. "టైమెంతయిందని మేస్త్రీని అడిగితే, గంట మోగిందా అన్నాడు. మోగలేదన్నాం. మరింకేం, పని చెయ్యండి అన్నాడు. మేమూ అదే అనుకున్నాం. గంట మోగకుండా ఆరెలా అవుతుంది?"

గంటమ్మ సీసాలో మిగిలిన పాలు పారబోసి, కడిగిందే కడుగుతూ నిలబడింది. గంట ఆగిందని ఆ ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు. సంఘంలో ఉన్నవాళ్లకు కూడా తెలియదు, ఆదివారం వాళ్లకు పనే. నాలుక కట్టేస్తే గంట ఊరికే మూగగా ఉంటుందనుకుంది. అది అబద్ధం చెబుతుందనుకోలేదు.

*

మర్నాడు బల్లగుడ్డలు ఉతికే రోజు. అయ్యగారి ఇంటి పెరట్లో అమ్మగారు, గంటమ్మ కలిసి ఆ పని చేస్తారు. అయ్యగారి భార్య చదువుకున్న మనిషి, అయినా గుడ్డ పిండడంలో గంటమ్మతో సమానంగా మెలి తిప్పుతుంది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని పిండుతుంటే మధ్యలోంచి నీళ్లు ధారగా కారాయి.

గంటమ్మకు తల్లి గుర్తొచ్చింది. లాండ్రీ కంటే ముందు ఆ కట్టడంలో నూలు మిల్లు ఉండేది. తల్లి అందులో పని చేసేది. జుట్టులో ఎప్పుడూ దూది పింజలు ఉండేవి. ఇంటికి వచ్చాక పిల్ల గంటమ్మ వాటిని ఒక్కొక్కటే ఏరేది. మిల్లు గడియారం పొద్దున పరుగెత్తేది, సాయంత్రం కుంటేది. ఆడవాళ్లు చెబితే అప్పటి పెద్దయ్యగారు మొదట నమ్మలేదు. తర్వాత ఒకనాడు తన జేబు గడియారం పట్టుకుని మిల్లు గేటు ముందు నిలబడ్డారు, ఎండలో, టోపీ కూడా లేకుండా. గేటు తెరిచేదాకా అలాగే నిలబడి, ఎవరితో ఏమీ మాట్లాడకుండా వెనక్కి వచ్చారు. ఆ మర్నాటి నుంచి చర్చి గంట సాయంత్రం సరిగ్గా ఆరింటికి మోగింది. ఎందుకు మోగుతున్నదో ఆయన ప్రసంగంలో కూడా చెప్పలేదు. ఆడవాళ్లకు అర్థమైంది. మిల్లువాళ్లకూ అర్థమైంది.

నెల తిరగకుండా ఆయనకు బదిలీ వచ్చింది.

ఆయన కూతురు, గంటమ్మ ఒక ఈడువాళ్లు. గంట మోగేటప్పుడు ఇద్దరూ సరిగ్గా దాని కింద నిలబడి చెవులు మూసుకుని, ఆ హోరు అరికాళ్లలోంచి పైకి పాకుతుంటే పడీపడీ నవ్వేవాళ్లు. వెళ్లే రోజున ఆ పిల్లను బండి వెనక ట్రంకు పెట్టె మీద కూర్చోబెట్టారు, ముఖం ఇటువైపు. బండి వీధి మలుపు దగ్గరికి పోయేసరికి ఆరయింది. అయ్యగారు లేని చర్చిలో గంట ఎవరు కొడతారని అందరూ చూస్తుండగా, మిల్లు మానేసి వచ్చిన గంటమ్మ తల్లి వెళ్లి తాడు పట్టుకుంది. మొదటి దెబ్బకు బండి మీద పిల్ల రెండు చేతులూ ఎత్తి చెవులు మూసుకుంది. అలాగే మలుపు తిరిగిపోయింది. ఆ తర్వాత ఆ పిల్ల ఏ ఊళ్లో పెరిగిందో, ఉందో లేదో, గంటమ్మకు తెలియదు.

ఎందరో అయ్యగార్లు వచ్చారు, వెళ్లారు. గంట ఎందుకో మరిచిపోయి, దానికి ప్రార్థన గంట అని పేరు పెట్టారు. ప్రతివాళ్ల ట్రంకు పెట్టెకూ గంటమ్మ ఒక చెయ్యి వేసి బండి ఎక్కించింది. బండి కదిలాక ఇంటికి వచ్చి ప్రతిసారీ జ్వరపడేది.

"మీకు ఇక్కడ బాగానే ఉందా అమ్మగారూ?" అని అడిగింది ఇప్పుడు, గుడ్డ దులుపుతూ.

అమ్మగారు వింతగా చూసింది. "ఎందుకలా అడిగారు? బాగుంది. మా పిల్ల ఇక్కడికొచ్చాకే నిద్రలో ఉలిక్కిపడటం మానేసింది. ఎప్పుడూ సగం సర్దుకునే ఉండేదాన్ని, ఈసారి ట్రంకు పెట్టె మొత్తం ఖాళీ చేసి, బొమ్మలు పెట్టుకోమని దానికిచ్చేశాను."

లోపల ఆ పిల్ల పెట్టె మూత ఎత్తి దింపుతున్న చప్పుడు వినిపించింది. గంటమ్మ ఆ చప్పుడు వింటూ గుడ్డ ఆరేసింది. తను నోరు విప్పకపోవడమే మంచిదయిందని అనుకుంది. అనుకున్నాక చేతిలోని బట్టల క్లిప్పు పట్టు తప్పి మట్టిలో పడింది.

*

ఆ రోజూ, ఆ మర్నాడూ ఆడవాళ్లు దీపాలు వెలిగాకే బయటికి వచ్చారు. బుడ్డిది ఏడ్చి ఏడ్చి, ఏడవడం మానేసి గుమ్మం వైపు చూస్తూ పడుకుంది. ఏడిస్తేనే నయమనిపించింది గంటమ్మకు.

ఇస్త్రీ పిల్ల ఆ సాయంత్రం పాలు పట్టాక వెంటనే వెళ్లలేదు. మణికట్టు మీద ఎర్రగా కమిలి ఉంది. అలిసిపోయి రోలరుకు ఆనించిందట. దాని గురించి చెప్పడానికి కాదు ఆమె ఆగింది.

"గంట పగిలిందా పిన్నీ?"

గంటమ్మ చాప కొస సరిచేసింది.

"అందరం అదే అనుకున్నాం. పాతదిగా పాపం, ఎన్నాళ్లని మోగుతుంది? మా ఆయనకు చెప్పాను. ఆదివారం సామాను తెచ్చుకుని వచ్చి అతికించి పెడతానన్నాడు. ఊరికేనే చేస్తాడు, నువ్వు అయ్యగారికి ఒక మాట చెప్పు. నిన్ను ఆ నిచ్చెన మాత్రం ఎక్కొద్దన్నాడు. ఆవిడ పడిందంటే గంటకు బదులు ఆవిడను అతికించాల్సి వస్తుంది అంటున్నాడు."

తన హాస్యానికి తనే నవ్వి, బిడ్డను భుజాన వేసుకుని వెళ్లింది. గంటమ్మ చాప మీద అలాగే కూర్చుంది. గంటను కట్టేశారని వాళ్లకు ఊహకు కూడా రాలేదు. పగిలిందనుకుని జాలిపడుతున్నారు.

లేచి గడియారాన్ని గోడవైపు నుంచి ఇటు తిప్పింది.

*

మర్నాడు ఎండ వాలుతుండగా బుడ్డిదాన్ని ఎత్తుకుని తాళంచెవి కోసం అయ్యగారి ఇంటికి వెళ్లింది. దారంతా మాటలు కూర్చుకుంది. అయ్యా, మీకు తెలియకుండా నేనే తీసుకున్నానని చెప్పండి. తాళంచెవి మేకుకు తగిలించి ఉంటే తీసుకుపోయిందని చెప్పండి. ముసలిదానికి మతి లేదని చెప్పండి. మీ మీదికి రానివ్వను.

పెరటి గేటు తీసి లోపల కాలు పెట్టగానే ఆగిపోయింది.

ట్రంకు పెట్టె ఎండలో బోర్లించి ఉంది. దాని అడుగున తడిగుడ్డతో తుడిచిన చారలు ఇంకా ఆరలేదు. వసారాలో చాప మీద బొమ్మలన్నీ గుట్టగా పోసి ఉన్నాయి. కాలు విరిగిన గుర్రం, గుడ్డ బొమ్మ, మూతలు, సీసాలు. పిల్ల వాటి మధ్య కూర్చుని ఏది ఎక్కడ పెట్టాలో తెలియక చూస్తోంది.

"బదిలీ వచ్చిందా?" అంది గంటమ్మ.

"ఇంకా రాలేదు," అంది అమ్మగారు లోపల్నుంచి వస్తూ. "వస్తుందని ఆయన అన్నారు. అందుకని తుడిచి పెట్టాను."

అయ్యగారు ఆమె వెనకే వచ్చాడు. మొన్నా, నిన్నా సాయంత్రం లాండ్రీ గేటు ఎదుట నిలబడి చూశానని చెప్పాడు. చీకట్లో ఆడవాళ్లు పరుగెత్తడం చూశాడట. ఒకావిడను ఆపి అడిగితే, గంట పాడయింది కదయ్యా, మాకు పొద్దు తెలియలేదు అందట. పొద్దున యజమాని దగ్గరికి వెళ్లి, గంట మళ్లీ మోగుతుందని చెప్పి వచ్చానన్నాడు. ఆయనేమీ కేకలు వెయ్యలేదు, కాఫీ తాగి వెళ్లమన్నాడు, పైవాళ్లతో మాట్లాడతానన్నాడు.

"నిన్ననే విప్పుదామని పైకెక్కాను," అన్నాడు అయ్యగారు. "ఆ ముడి నా వల్ల కాలేదు. కోసేద్దామనుకున్నాను గాని, మీరు కట్టింది కొయ్యడానికి చేతులు రాలేదు."

"మిమ్మల్ని పంపించేస్తారయ్యా."

"అందుకేనా ఆ రోజు మాట్లాడలేదు?"

గంటమ్మ తల వంచుకుంది. బుడ్డిది ఆమె చెవి పట్టుకుని లాగుతోంది.

"నేనూ అందుకే ఊరుకున్నాను," అన్నాడాయన. "నేను కాదంటే మిమ్మల్ని ఆ గదిలోంచి లేపేస్తారని భయపడ్డాను. మీరేమైనా అంటే దాన్ని పట్టుకుందామని చూశాను. మనిద్దరం ఒకరి కోసం ఒకరం నోరు మూసుకుంటే, మధ్యలో వాళ్ల పొద్దు పోయింది."

అమ్మగారు తాళంచెవి తెచ్చి, గంటమ్మ చేతిలో కాకుండా, మునుపు ఉండే చోటే ఆమె నడుముకు కట్టింది. బుడ్డిదాన్ని తను ఎత్తుకుంది.

సంఘపెద్దను ఎవరు పిలిచారో, గంట గది దగ్గర నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. "నేనిక్కడ లేను," అన్నాడు గంటమ్మను చూసి. "ఎవరైనా అడిగితే నేను మా చెల్లెలింటికి వెళ్లాను."

"వెళ్లినవాళ్లు నిచ్చెన గట్టిగా పట్టుకోండి."

పైన చీకటిగా ఉంది. ముడి తడిమి, కొస దొరికించుకుని ఒక్క లాగు లాగింది. గుడ్డ దానంతటదే జారి చేతిలోకి వచ్చింది. నాలుక నున్నటి చోట బల్లగుడ్డ నూలు పోగొకటి అంటుకుని ఉంటే గోటితో తీసింది. తల్లి జుట్టులోంచి దూది తీసినట్టు.

కిందికి దిగి గుడ్డ మడిచి చంకలో పెట్టుకుంది. అయ్యగారు జేబులోంచి గడియారం తీసి చూస్తూ నిలబడ్డాడు. ఆరయిందని తల ఊపాడు.

తాడు లాగడం బలం పని కాదు. లాగడం ఎవరైనా లాగుతారు. గంట అటువైపు ఒరిగి తాడు పైకి పోయేటప్పుడు వదలాలి. పోతుందేమోనని భయపడి పట్టుకుంటే గంట గొంతు బొంగురు పోతుంది. చిన్నప్పుడు తల్లి ఆమె పిడికిలి విప్పి విప్పి నేర్పింది ఆ ఒక్కటే.

గంటమ్మ లాగింది. వదిలింది.

మొదటి దెబ్బకు పావురాలన్నీ లేచాయి. బుడ్డిది అమ్మగారి భుజం మీద ఉలిక్కిపడింది. రెండో దెబ్బకు నవ్వింది. అయ్యగారి కూతురు గుమ్మంలోకి వచ్చి, గంట కింద నిలబడి, ఎవరూ చెప్పకుండానే రెండు చేతులతో చెవులు మూసుకుంది. గంటమ్మ ఆ పిల్లను చూసింది. కళ్లు మసకబారినా చేతులు తప్పలేదు. లాగడం, వదలడం, లాగడం, వదలడం.

లాండ్రీ గేటు కొంచెంసేపు తెరుచుకోలేదు. తర్వాత ఒక రెక్క తెరుచుకుంది. తలగుడ్డలు విప్పుకుంటూ ఇద్దరు వచ్చారు, వాళ్ల వెనక నలుగురు, ఆ వెనక గుంపు. వీధిలో ఇంకా ఎండ ఉంది. కొందరు ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఇస్త్రీ పిల్ల నడిచే వచ్చింది, పరుగెత్తలేదు.

"బాగయిందా పిన్నీ? ఎవరు చేశారు?"

"పాడవలేదే," అంది గంటమ్మ. "మేం కట్టేశాం. కూర్చో, చెబుతాను." అయ్యగారి ముందే, సంఘపెద్ద ముందే, పెద్దయ్యగారి జేబు గడియారం దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పింది. ఆడవాళ్లు బిడ్డల్ని మరిచిపోయి నిలబడి విన్నారు.

వాళ్లు వెళ్లాక అయ్యగారి పెరట్లోంచి పోతుంటే ట్రంకు పెట్టె ఇంకా బయటే ఉంది. మంచు పడితే తుప్పు పడుతుందని గంటమ్మ ఒక చెయ్యి, అమ్మగారు ఒక చెయ్యి వేసి వసారాలోకి చేర్చారు. ఎందరి పెట్టెలకో అలా చెయ్యి వేసింది గాని, గుమ్మం లోపలికి మొయ్యడం ఆమెకు అదే మొదలు. దింపి నడుము నిటారు చేసేలోపల పిల్ల మూత ఎత్తింది. ముందు కాలు విరిగిన గుర్రాన్ని, తర్వాత గుడ్డ బొమ్మను, తర్వాత మూతలనూ సీసాలనూ ఎప్పుడూ ఉండే చోట్లలో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

గంటమ్మ అమ్మగారి వంక చూసింది. అమ్మగారు పిల్లను వారించలేదు. వంగి, తన కాలి దగ్గరికి దొర్లిన సీసా ఒకటి తీసి పెట్టెలో వేసింది.